గంగలో నేను వదిలేసిన తెడ్డు

తొమ్మిదేళ్ళుగా నన్ను ధైర్యవంతురాలని చెప్పుకుంటున్నారు. ఆ పేరు మోయలేక చచ్చాను. పోయిన శనివారం ఆ బరువు సగం దించాను. మిగతా సగం మీ దగ్గర దించుతున్నాను, నా పేరు చెప్పకుండా. ఏమీ అనుకోకండి.

నేనూ రవళీ బీటెక్ నుంచి స్నేహితులం. ఇద్దరికీ జర్మనీలోని కాట్‌బస్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. విమానం ఢిల్లీ నుంచి. నాలుగు రోజులు ముందే బయల్దేరి రిషికేశ్ వెళ్ళాం. ఇంట్లో గంగాస్నానం అని చెప్పాం. అది పూర్తిగా అబద్ధం కూడా కాలేదు, రవళి నిజంగానే మునిగింది.

రబ్బరు పడవలో ఆరుగురం, వెనక గైడ్. బయల్దేరే ముందు అతను ఒకే మాట పదిసార్లు చెప్పాడు. ఎవరైనా నీళ్ళలో పడితే తెడ్డు వాళ్ళకు అందించండి, మీ చివర మాత్రం వదలకుండా లాగండి అని. నీళ్ళు రాళ్ళ మీద విరుచుకుపడే చోట పడవ ఎగిరిపడింది. రవళి నా పక్కనుంచి జారి నదిలో పడింది. తెడ్డు అందించాను. అంతవరకు నిజం. ఆమె పట్టుకుంది. ఆమె బరువుకు నా ఒళ్ళు పడవ అంచు మీదికి ఒరిగింది. నాకు ఈత రాదు. ఆ చల్లటి నీళ్ళు మొహాన్ని కొట్టాయి. వదిలేశాను.

జారిపోయిందా? తొమ్మిదేళ్ళూ నన్ను నేను ఇదే అడిగాను. చేతులు తడిగా ఉన్నాయి, ఎవరికైనా జారుతుంది కదా? లేదు. నా వేళ్ళు నేనే విప్పాను. నాకు తెలుసు.

ఆమె తెడ్డు పట్టుకుని కొట్టుకుపోయింది. మా వెంట చిన్న పడవలో వస్తున్న మనిషి దిగువన ఆమెను అందుకుని ఒడ్డుకు చేర్చాడు. మా పడవ ఒడ్డుకు రాగానే నేను ఏడుస్తూ ఇసుకలో పరిగెత్తాను. రవళి దగ్గుతూనే నన్ను వాటేసుకుంది.

"నీకు ఈతే రాదు గదనే! అయినా నీ ప్యాడిల్ నాకిచ్చేసినవ్. పిచ్చిదానా!"

నేనేమీ అనలేదు. నా తప్పు అక్కడుంది. భయపడినందుకు నా మీద నాకు కోపం లేదు. ఆమె పొరపాటు పడిందని తెలిసీ నోరు మూసుకుని, ఆ పొరపాటును ఇన్నేళ్ళు వాడుకున్నందుకు ఉంది.

వాడుకున్నాననే అంటున్నాను. కాట్‌బస్‌లో హాస్టల్ గది ఆమెకు దొరికింది, నాకు దొరకలేదు. మొదటి సెమిస్టరంతా మంచం నాకిచ్చి తను కింద పడుకుంది. అడిగినవాళ్ళందరికీ "నేను దీనివల్లనే బతికిన" అని చెప్పేది. నేను పక్కన నిలబడి సిగ్గుపడుతున్నట్టు నవ్వేదాన్ని. ఛీ, ఆ నవ్వు!

ఇప్పుడు ఇద్దరం స్టుట్‌గార్ట్ దగ్గర బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగాల్లో ఉన్నాం. మా ఇళ్ళ మధ్య ఎస్-బాన్ రైల్లో రెండు స్టేషన్ల దూరం. సుఖంగానే ఉన్నాం, అబద్ధమెందుకు? ముప్పై దాటాక ఎవరికీ చెప్పకుండా ఈత కూడా నేర్చుకున్నాను. పక్క లైనులో ఆరేళ్ళ పిల్లలు నన్ను చూసి పకపకా నవ్వేవాళ్ళు. ఎందుకు నేర్చుకున్నానో మీకు వేరే చెప్పాలా?

పోయిన శనివారం నెకర్ నదికి పడవ షికారుకు వెళ్ళాం. రవళి తన నాలుగేళ్ళ కూతురికి లైఫ్ జాకెట్ తొడుగుతూ అంది, "పిల్ల నీ దగ్గర కూసుంటది. నువ్వుంటే నాకు రందే లేదు."

ఇక ఊరుకోలేకపోయాను.

"రవళీ, ఆ రోజు ప్యాడిల్ నేనియ్యలేదే. భయమై ఇడిసిపెట్టిన."

జాకెట్ బకిల్ మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "మమ్మీ, వాస్ ఇస్ట్?" అంటూ పిల్ల ఏమైందని జర్మన్‌లో అడిగింది. రవళి బకిల్ బిగించింది. నా మొహం చూడకుండా పిల్లను ముందుకు తీసుకెళ్ళి తన కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. నేను వెనక కూర్చున్నాను. అది న్యాయమే.

ఆమెకు చెప్పింది ఆ ఒక్క ముక్కే. వేళ్ళ సంగతి, ఆ నవ్వు సంగతి మీకే చెప్పాను. ఆమె ఇంకా ఫోన్ చేయలేదు. చేస్తుందో లేదో తెలియదు. అయినా నాకు హాయిగా ఉంది. అన్నం రుచిగా తింటున్నాను. ఆ శనివారం గంటసేపు ఆ తల్లీకూతుళ్ళ వీపులు చూస్తూ తెడ్డు వేశాను. చేతులు బొబ్బలెక్కాయి. ఒడ్డు చేరేదాకా తెడ్డు వదల్లేదు.