డోర్తె అవ్వ మార్చిన ముగింపు

డోర్తె అవ్వ ఎవరినీ నమ్మేది కాదు. పాలవాడు చెంబు చేతికిస్తే ముందు వేలు ముంచి నాకి చూసేది. పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో రెండుసార్లు దగ్గితే, ఏదో దాస్తున్నాడని తేల్చేసేది. డెబ్బై ఏళ్ల బతుకులో ఒక మొగుణ్ణి, ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టింది. ముగ్గురికీ జబ్బు చేసినప్పుడు డాక్టరు "ఏం కాదు" అన్నాడు. అప్పటినుంచి ఎవరైనా "ఏం కాదు" అంటే చాలు, ఆమె వాళ్ల మొహం కేసి ఇంకాస్త పట్టిపట్టి చూసేది.

ఎవరినీ నమ్మని ఆ మనిషిని ష్వాల్మ్ లోయలో చలికాలం వస్తే ఊరంతా నమ్మేది. బొంతల్లో నింపడానికి పెద్దబాతుల ఈకలు ఒలిచే పని అప్పుడే. ఆడవాళ్లంతా ఒకరింట్లో బల్ల చుట్టూ చేరి, ఈక ఈకకీ కాడ తీసేసి మెత్తటిది మాత్రం గోతంలోకి తోసేవాళ్లు. ఈకలు ఎగిరిపోతాయని తలుపు తీయకూడదు, గట్టిగా నవ్వకూడదు, తుమ్మకూడదు. అన్ని రోజులు అలా బిగదీసుకుని కూర్చోవాలంటే డోర్తె అవ్వ కథ ఉండాల్సిందే. ఆమె కథల్లో తలలు తెగేవి, వేళ్లు ఊడేవి, పిల్లలు కుండల్లో ఉడికేవాళ్లు. వినేవాళ్లు "అమ్మో" అంటూనే బల్లకు ఇంకొంచెం దగ్గరగా జరిగేవాళ్లు. గోతం నిండేదాకా కథ రోజుకింత సాగేది. కట్టుబాటు ఒక్కటే. కథలో చెడ్డది చచ్చాకే గోతం మూతి కట్టాలి. ముందే కడితే అది బొంతలో దూరి, కప్పుకున్నవాళ్ల పక్కనే పడుకుంటుందని ఆ ఊరి నమ్మకం.

ఆ ఏడాది బండిచక్రాలు చేసే కొన్రాడ్ ఇంట్లో పని. అతని ఏడేళ్ల కూతురు లీనాకి కొత్త బొంత కుట్టాలి. లీనా తల్లి పోయి రెండేళ్లయింది. మొన్న కోతలయ్యాక కొన్రాడ్ ఎర్నాని పెళ్లి చేసుకొచ్చాడు. ఎర్నా ఏటి అవతలి మనిషి. మాట తక్కువ. మాటిమాటికీ చేతులు కడుక్కుంటుంది. తను వండింది అందరూ తిన్నాక గానీ ముట్టదు.

"చూశావుటే, మొదటి ముద్ద తనెందుకు తినదంటావు?" అని డోర్తె అవ్వ పొరుగింటి బార్బె చెవి కొరికింది.

"పిల్లకి ముందు పెడుతుందేమోలే అవ్వా."

"నువ్వో వెర్రిబాగులదానివి. ఆ నంగనాచి మొహం చూడు!"

ఆ అనుమానంతోనే అవ్వ పిండిమర నడిపే మరవాడి రెండో పెళ్లాం కథ ఎత్తుకుంది. ఆమె సవతి కూతురి జావలో ఏదో వేరు కలుపుతుంది. పిల్ల పెద్దబాతయిపోతుంది. దాని ఈకలు పీకి దిండు కుడితే, ఆ దిండు రోజూ అడుగుతుంది: "ఏ చేత్తో పెట్టావమ్మా?" కథ అక్కడ ఉండగా ఆ రోజు పని ముగిసింది. లీనా రెప్ప వేయకుండా విన్నది.

మర్నాటినుంచి లీనా ఎర్నా చేతి తిండి ముట్టలేదు. ఆకలి లేదనేది. డోర్తె అవ్వ జేబులోంచి తీసిచ్చే ఎండు బేరిపండు ముక్కలు తప్ప ఏదీ నోట పెట్టేది కాదు. వారానికి పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి. ఆదివారం లోపల తినకపోతే పిల్లని కాసెల్ పట్నంలో ఉన్న తన అక్క దగ్గరికి పంపేస్తానని కొన్రాడ్ చెప్పేశాడు. అది విని ఎర్నా చేతులు కడుక్కోవడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. ఎర్నా మీద ఊరికి అనుమానం రావాలని అవ్వ అనుకుంది గానీ, పిల్ల కడుపు మాడాలని అనుకోలేదు.

పాస్టరుగారు కబురందుకుని వచ్చాడు.

"డోర్తెమ్మా, కథలో ఆ మారుతల్లి బుద్ధి తెచ్చుకుందని చెప్పు. అందరూ కలిసి భోంచేశారని ముగించు."

"మర చక్రానికి కట్టి చంపాల్సినదాన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టమంటారా?"

"నీకు పిల్ల కావాలా, కథ కావాలా?"



శనివారం మధ్యాహ్నానికి గోతం నిండింది. అవ్వ పాస్టరు చెప్పిన ముగింపే చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా గోతం మూతి కట్టేసింది. బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి.

"అంటే అది చావలేదా?" అంది లీనా.

"మంచిదైపోయింది తల్లీ. ఇంకేం కాదు."

"ఇప్పుడెక్కడుంది?"

"వంటింట్లో... అందరికీ జావ పోస్తోంది."

లీనా గోతాన్ని చూస్తూ పొయ్యి పక్క మూలకు జరిగింది. "ఆ బొంత నాకొద్దు," అంది.

అప్పుడు ఎర్నా లేచింది. వచ్చి గోతం ముడి విప్పింది. నాలుగు ఈకలు పైకి లేచాయి.

"అవ్వా, ముగింపు మర్చిపోయినట్టున్నావు. ఏటి అవతల ఈ కథ ఇలా చెప్పరు."

చెప్పింది. మరవాడి పెళ్లాన్ని ఊరంతా కలిసి మర చక్రానికి కట్టారు. మొదటి చుట్టుకి జుట్టు పోయింది. రెండో చుట్టుకి కాళ్లు పోయాయి. మూడో చుట్టు అయ్యాక, ఏ చేత్తో పెట్టావని అడగడానికి చెయ్యే మిగల్లేదు. ఇదేం ఎత్తు అని డోర్తె అవ్వ కళ్లు చిట్లించి చూసింది. ఏ ఆడది తన్ను తానే చక్రానికి కట్టుకుంటుంది? ఎర్నా మాత్రం గోతం మూతి బిగించి కట్టి, పని ముగిసిన రోజు పెట్టే కేకు కోసి, ఒక ముక్క లీనాకి చాచింది.

లీనా ఆ చెయ్యి కేసి చాలాసేపు చూసింది. తీసుకుంది. కొరికింది.

"ఇన్నాళ్లూ తినలేదు కదే, ఇప్పుడేమైంది?" అంది బార్బె ఆత్రంగా.

"నిజంగా అలాంటిదయితే, తన్నెలా చంపాలో తనే చెప్తుందా?" అంది లీనా నోటినిండా కేకుతో.

ఆడవాళ్లు గట్టిగా నవ్వేశారు. గదంతా ఈకలు లేచాయి. డోర్తె అవ్వకు కళ్లనీళ్లు తిరిగాయి. జేబులోంచి బేరిపండు ముక్క తీసి, "దా నా బంగారం," అంది.

లీనా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఎర్నా గౌను కుచ్చిళ్లలోకి ఒదిగింది.

"దాన్ని నువ్వెందుకు చావనివ్వలేదవ్వా?"

ఇలాంటి అనుమానపు చూపు అవ్వ ఊరందరి మీదా వేసింది, తన మీద పడటం ఇదే మొదటిసారి. పాస్టరు పేరు చెప్పబోయి, ఎవరు నమ్ముతారులే అని ఊరుకుంది. అందరూ చూస్తుండగా బేరిపండులో సగం తనే కొరికి, నమిలి మింగి, మిగతా సగం పిల్లకు చాచింది.

ఆ ముద్ద ఆమె గొంతు దిగేదాకా లీనా చూసింది. అయినా చెయ్యి చాచలేదు.