రొట్టె పిండి పొంగిన శనివారం

మా అమ్మ నేర్పిన పండ్ల రొట్టెకు రెండు శేర్ల గోధుమపిండి, పావుశేరు బెల్లం, అరపావు ఖర్జూరం, అరపావు ఎండుద్రాక్ష కావాలి. గుప్పెడు అనే కొలతను నేను ఒప్పుకోను. ఎవరి గుప్పెడని అడుగుతాను. పిండి పొంగడానికి పావుశేరు ఈతకల్లు. ఈస్టు పొడి అనేది ఒకటుంటుందని అప్పట్లో మాకు తెలియదు.

1938లో కడప జిల్లాలో కల్లు నిషేధం వచ్చింది. మా ఆయన సర్కారు బడిలో పంతులు. ఇంట్లో కల్లు దొరికితే ఉద్యోగం పోతుంది. ఆరుగురం ఆ ఒక్క జీతం మీదే బతుకుతున్నాం. ఈ ఏడు రొట్టె వద్దన్నాను. క్రిస్మస్ ఆరాధన అయ్యాక ఇంటింటికీ రొట్టె ముక్క పంచకపోతే తలెత్తుకోలేనని మా అత్త పట్టుబట్టింది. నిషేధం లేని కర్నూలు జిల్లాకు, చాగలమర్రిలో చుట్టాలింటికి వెళ్ళి, ఆసుపత్రి మందుసీసాలో కల్లు తెచ్చింది.

ఆ ఏడు క్రిస్మస్ ఆదివారం పడింది. శనివారం తెల్లవారగానే పిండి కలిపి, సీసా బూడిదతో తోమి ఎండబెట్టాను. గిన్నెను పొయ్యి పక్కన పెట్టి తలుపు మూశాను. పొద్దెక్కేసరికి పిండి పొంగి పళ్ళెం మూతను పైకి నెట్టింది. వాసన వీధిలోకి పోతుందేమోనని తలుపు సందులో తడిగుడ్డ కుక్కుతుండగానే తలుపు కొట్టారు.

ఎక్సైజు జవాను. లోపలికి వస్తూనే ముక్కు ఎగబీల్చాడు.

"ఏమవ్వా, కల్లు వాసన వస్తాండాది?"

"నీ మీసాల నుంచేమో చూసుకోప్పా," అంది మా అత్త.

అతను నవ్వలేదు. గిన్నె వైపు చూశాడు. "అందులో ఏముండాది?"

"రొట్టె పిండి," అన్నాను. అదే నేను చేసిన తప్పు. మా సీమలో రొట్టె అంటే జొన్నరొట్టె. వేడినీళ్ళతో పిసికి అప్పటికప్పుడు తట్టి కాల్చేది.

"రొట్టె పిండి పులిసేది యాడైనా ఉండాదా అమ్మా? మా ఇంట్లో రోజూ తింటాండాం, నాకు తెలీదా?"

మా అత్తే అందుకుంది. "ఇది దొరలు తినే రొట్టెప్పా. కాలిస్తే బూరగదిండు మాదిరి మెత్తగా ఉంటాది."

"అట్లయితే కాల్చు. చూసే పోతా." పొయ్యి కనిపించేలా అరుగు మీద కూర్చున్నాడు.

వెడల్పు కుండలో ఇసుక పోసి వేడెక్కించాను. పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద తీసి పక్కన పెట్టాను. మరుసటి రొట్టె పిండిని పొంగించేది అదే. మిగతాది నెయ్యి రాసిన గిన్నెలో సర్ది కుండలో దించి, పైన మూకుడు పెట్టి అందులో నిప్పులు పోశాను. బడి నుంచి మా ఆయన ఈలోగా వస్తే ఏం చెప్పాలో తోచలేదు. మూత రెండుసార్లు ఎత్తి చూశాను. ఎత్తకూడదని నాకు తెలుసు.

రొట్టె ఒక పక్క కుంగింది గానీ వాసన మారింది. బెల్లం, ఖర్జూరం తప్ప ఇంకేమీ తెలియలేదు. జవాను ఒక ముక్క తిన్నాడు, ఇంకొకటి అడిగి తిన్నాడు.

"శానా బాగుండాది," అంటూ లేచాడు. గడప దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "ఆ గిన్నె ఉప్పేసి కడుగమ్మా. ఆ ముద్ద గూడా పారెయ్యి. నా ముక్కు కన్నా మా ఇన్స్‌పెక్టరు ముక్కు పెద్దది."

అతను మలుపు తిరిగేదాకా మా అత్త గడపలో నిలబడి చూసింది. తర్వాత ఆ ముద్దను తానే తీసుకెళ్ళి గేదె కుడితిలో కలిపేసింది.

మరుసటి ఏడు నుంచి కల్లు మానేశాం. ఎండుద్రాక్షను గోరువెచ్చని నీళ్ళలో నానేస్తే మూడు నాలుగు రోజులకు నురగ కడుతుంది. ఆ నీళ్ళతో కలిపితే పిండి ఆలస్యంగానైనా పొంగుతుంది. అందులో నిషేధించిన వస్తువు ఏదీ లేదు. కాని వాసన మాత్రం అచ్చం అదే. అందుకే పిండి కలిపిన రోజు తలుపు సందులో తడిగుడ్డ కుక్కడం నేను మానలేదు.