చలి పోయిందో లేదో చక్కెరను చూసి చెప్పిన మనిషి

శివరాత్రి జాగారం చేసి వచ్చిన మర్నాడు పొద్దున, చక్కెర కడాయి ముందు కూర్చున్న మా ఆయన కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. కునుకు పట్టిందనుకున్నాను. "పాకం మాడుతున్నది, లేవయ్యా" అని భుజం తట్టాను. లేవలేదు. మా బోధన్‌లో హోలీ దండల భూమన్న అంటే తెలియని ఇల్లు లేదు. ఆ భూమన్న ఇక లేడు. ఈ మాట నా నోటితో నేనే చెబుతున్నా నాకు నమ్మకం కుదరడం లేదు.

నాకు సంతకం వరకే వచ్చు. గల్లీ వాళ్ళు ఆయన స్మృతికి చిన్న పుస్తకం వేస్తామన్నారు. పక్కింటి మరియమ్మ కూతురు రాస్తున్నది, నేను చెబుతున్నాను. మాట ముందువెనకలైతే మన్నించండి.

హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర బిళ్ళల దండలు మా ఆయన చేసేవాడు. చెరకు బండ్లు ఫ్యాక్టరీ దారి పట్టి, గాలికే బెల్లం వాసన వచ్చే రోజుల్లో ఆయన అటక మీది కట్టె అచ్చులు దింపేవాడు. వాటిని నీళ్ళలో నానబెట్టి, దారం పరిచి, పాకం పోయాలి. పొడి అచ్చులో పోస్తే చక్కెర కట్టెను పట్టుకుని వదలదు. చలి గట్టిగా ఉంటే బిళ్ళ పగులుతుంది. ఎండ ముదిరితే బిగుసుకోదు. చలి పోతూ, ఎండ వస్తూ ఉన్న ఆ కొన్నాళ్ళే చక్కెర మాట వింటుంది. అందుకే పొద్దున్నే పాలకు పోయే ఆడవాళ్ళు మా గడప ముందు ఆగి అడిగేవారు:

"భూమన్నా, గొంగడి లోపల పెట్టాల్నా?"

"ఇంకా పగులుతున్నది. నాలుగొద్దులు కప్పుకోండ్రి" అనేవాడు, తల ఎత్తకుండానే.

ప్రతి సంవత్సరం ఆయన చేతి పెద్ద దండ కాముడికే. పున్నమి సాయంత్రం గల్లీ చివర కట్టెలు, పిడకలు పేర్చి, శివుడి కంటిమంటకు కాలిపోయిన కాముణ్ణి నిలబెట్టేవాళ్ళు. మంట పెట్టకముందు ఆ మెడలో మా దండ పడాలి. అది పడ్డాకే పిల్లలకు దండలు. ఒక ఏడు చలి పోకముందే ఆయన దండ పోశాడు. గల్లీకి పెద్దదిక్కైన రాజవ్వ దాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే సగం దారిలో బిళ్ళలు పటపటా రాలాయి. అందరూ గొల్లుమన్నారు. ఈయన అక్కడే గొంతుక్కూర్చుని, తెగిన దారం ముడివేస్తూ, "నేను తొందరపడ్డ. చలి తొందరపడలే" అన్నాడు. ఎదుటివాడిని అనడం ఆయనకు చేతకాదు. నన్ను తప్ప. నన్ను మాత్రం పొయ్యి మంట పెంచినందుకు రోజూ అనేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

కోటగిరి నుంచి ఒకామె మనవడి తొలి హోలీకని దండ చెప్పి పోయింది. పండుగ లోపలే ఆ పసివాడు పోయాడు. అయినా వచ్చింది. "నాకింకేం దండ, భూమన్నా" అని గడపలో కూలబడింది. ఈయన దండ తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. "మీ గల్లీల ఏ పోరగాడో ఎదురుసూస్తుంటడు. వాని మెడల ఎయ్యి, అవ్వా" అన్నాడు. "నువ్వు మనిషివా, రాయివా?" అని అరిచి పోయింది. మరుసటి ఏడు వచ్చి రెండు దండలు చెప్పింది. ఎవరికని ఈయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

అటువంటి మనిషి ఇంటికి ఈ ఏడు మైల అన్నారు. దినాలు ముగిశాక మా మరిది సాయిలు వచ్చి, నన్ను చూడకుండా గోడను చూస్తూ చెప్పాడు.

"వదినె, సావింట్ల చేసిన దండ కాముని మెడల ఎట్లేస్తం? అరిష్టమంటున్నరు. నిజామాబాద్ కెళ్ళి తెప్పిస్తున్నం."

"మీ అన్న నానవెట్టిన అచ్చులు గట్లనే నీళ్ళల్ల ఉన్నయి, సాయిలూ."

"ఉంటే ఉండనీ. ఏడాదిదాక మనకు పండుగ లేదు."

ఇన్నేళ్ళు ఆయన చేతి తీపిని శుభమని పిల్లల మెడలో వేసిన గల్లీ, ఆయన పోగానే ఆ ఇంటిని అశుభమంటే నాకు మింగుడుపడలేదు. ఈ ఒక్క ఏడు తప్పిందంటే ఆ దండ మా గడప దాటడం ఇక లేదు. ఏడ్చాను. అప్పటిదాకా అచ్చుల నీళ్ళు రోజూ మార్చుతూ వచ్చిన మరియమ్మ చేయి తుడుచుకుని లేచింది.

"అక్కా, మా సర్చిల మైల లేదు, గీల లేదు. పొయ్యి నేను ముట్టిస్త. పాకం నువ్వు సూడు."

"మీ దేవుడు ఏమనడా?"

"మీ దేవుడు, మా దేవుడు మాట్లాడుకొని ఏమన్న అనుకుంటే అనుకోనీ. ముందుగాల చక్కెర తే."

మొదటి కడాయి మాడ్చాం. రెండోది ముద్దయింది. మూడోది నిలిచింది.

పున్నమి సాయంత్రం సాయిలు కాగితం పొట్లంలో కొన్న దండ పట్టుకుని పోతుంటే రాజవ్వ మా గడప ముందే అతణ్ణి ఆపింది. పొట్లం విప్పి చూసింది.

"గిదేందిరా, పిట్టకు కట్టేటట్టున్నది! నర్సవ్వా, మీ దండేదే?" అని నా దిక్కు తిరిగింది.

"అవ్వా, సావిల్లు..." అన్నాడు సాయిలు.

"ఇయ్యాల పండుగేందిరా? కాముడు సచ్చిన పండుగ. సావింటి దండ గాకపోతే పెండ్లింటి దండ ఏస్తవా ఆనికి?"

నేను దండ తెచ్చి రాజవ్వ భుజాన వేశాను. ముసలి ప్రాణం, బరువుకు వంగింది. సాయిలు తన పొట్లం మా అరుగు మీద పెట్టి, "కింద ఆనుతున్నది అవ్వా, ఇటు కొస నాకియ్యి" అని పట్టుకున్నాడు. ఇద్దరూ నడిచారు. నేను గడపలోనే నిలబడి చూశాను. కాముడి మెడలో అది పడింది. మంట లేచింది. వెనకాలే పిల్లలు మా వాకిటికి పరుగెత్తుకొచ్చారు.

నిజం చెబుతాను. మేము చేసిన బిళ్ళలు మసకగా, వంకరగా ఉన్నాయి. అది భూమన్న చేయి కాదని గల్లీకంతా తెలుసు. ఒక్కరూ అనలేదు. ఇంకెన్నేళ్ళు చేసినా ఆ చేయి మాకు రాదు. పాకం ఏ క్షణాన దింపాలో ఆయన కంటికి తెలుసు. అది నేర్పమని అడిగే తీరిక నాకు లేకపోయింది, చెప్పే తీరిక ఆయనకు లేకపోయింది. ఎప్పుడూ ఉంటాడనుకున్నాం.

మొగుడికి నలుగురిలో చేతులెత్తి మొక్కడం మా ఇళ్ళల్లో లేదు. ఈ కాగితం మీద మొక్కుతున్నాను. అట్లనే రాయి, బిడ్డా.