మళ్ళీ వచ్చేవాళ్ళ లెక్క

ఆయనకు నలభై ఆరేళ్ళు. జీవిత బీమా కంపెనీలో ఏ వయసువాళ్ళు ఏడాదికి ఎంతమంది పోతారో లెక్కగట్టడం ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. ఆ విద్య ఆయనకు కొట్టిన పిండి. ఆఫీసులో అందరూ చావుల సారు అనేవారు. ఆయనకు పట్టింపు లేదు, పిలిస్తే పలికేవాడు.

ఒకరోజు మేనేజరు పిలిచి చల్లగా చెప్పాడు. "మీ సెక్షన్ ఎత్తేస్తున్నాం సార్. వాహన బీమాలో ఖాళీ ఉంది. దానికి ఇంకో నాలుగు పేపర్లు పాసవ్వాలి. ఏడాదిన్నర టైమిస్తాం. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు."

మూడు పేపర్లు గట్టెక్కాడు. నాలుగోది కొరకరాని కొయ్య అయింది. రెండుసార్లు తప్పాడు. పదో తరగతి చదివే కూతురు తన మార్కుల కాగితం పక్కనే నాన్నదీ ఫ్రిజ్‌కి అంటించింది. తీస్తే ఉడుక్కున్నట్టవుతుందని ఆయన తీయలేదు.

ఇక మిగిలింది ఒక్క అవకాశం. ఆదివారం ఉదయం, తప్పిన పరీక్షలో తను రాసిన జవాబు ముందేసుకుని కూర్చున్నాడు. వెయ్యిమంది డ్రైవర్లు మూడేళ్ళలో ఎన్ని ప్రమాదాలు చేస్తారన్నది ప్రశ్న. కూరగాయల సంచీతో వచ్చిన భార్య భుజం మీదుగా తొంగిచూసింది.

"రెండో ఏడాదికి తొమ్మిదొందల మందే ఉన్నారేం? ఆ వందమందీ ఏమయ్యారు?"

"మొదటి ఏడాదే గుద్దేశారుగా. లెక్కలోంచి తీసేశాను."

"అదేంటండీ! నేను మన గేటుని మూడుసార్లు గుద్దాను. ఇప్పుడే నాలుగోసారి. నన్నూ తీసేస్తారా?"

ఆయన కలం కింద పెట్టాడు. చావుల లెక్కలో ఒకసారి వచ్చిన మనిషి మళ్ళీ రాడు. ఆ అలవాటుకొద్దీ, బతికున్న వందమందిని రెండు పరీక్షల్లోనూ సాగనంపి వచ్చాడు. ముందు సిగ్గేసింది. తర్వాత భయమేసింది, ఎందుకంటే అదే చేత్తో తననీ తీసేసుకున్నాడు. పోయిన వారమే ఆఫీసు డ్రాయరు ఖాళీ చేసి, టీ కప్పు ఇంటికి తెచ్చేసుకున్నాడు.

మర్నాడు కప్పు మళ్ళీ సంచీలో పెట్టుకుని వెళ్ళాడు. మూడోసారి బొటాబొటీగా పాసయ్యాడు.

కొత్త సెక్షన్లో మొదటి ఫైలు ఒక వ్యాన్ డ్రైవరుది. ఏడు ప్రమాదాలు, పరిహారం కోసం ఏడు దరఖాస్తులు.

"వీడు పెద్ద తలనొప్పి సార్," అన్నాడు పక్క సీటతను.

ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. పాత సెక్షన్లో దరఖాస్తు మీద ఎప్పుడూ భార్యో, కొడుకో సంతకం పెట్టేవారు. ఇక్కడ ఏడింటి మీదా సంతకం ఆ మనిషిదే. ఆయన ఫైలు తన ముందుకు జరుపుకున్నాడు.

"పోనీలెండి," అన్నాడు. "వచ్చాడుగా."