ఓడలో వేరు పళ్లెం

ఓడ ప్రయాణం చేసి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా బజారులో నన్ను సలహాలు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. గది ఎక్కడ తీసుకోవాలి, కడుపులో తిప్పుతుందా, తిండి ఎట్లా అని. అన్నీ చెబుతాను. గది కింది అంతస్తుల్లో, ఓడకు నడిమధ్యన తీసుకోండి, ఊపు తక్కువ. కిటికీ కోసం ఎక్కువ పెట్టకండి, పైకెక్కితే సముద్రం ఊరికే కనిపిస్తుంది. పెద్ద పెట్టె ఓడవాళ్లకు అప్పగిస్తే అది గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది, కాబట్టి మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకోండి. వినేవాళ్లు తలలూపుతారు. ఒక్కదానివే ఎందుకు పోయావని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతాను.

నాకు గోధుమ పడదు. అందులో ఉండే గ్లూటెన్ అనే జిగురు నా పేగులను పాడు చేస్తుందని హనుమకొండలో డాక్టరు తేల్చి కొన్నేళ్లయింది. అన్నం తినే ఊళ్లో ఇదేం పెద్ద జబ్బు అనుకున్నాను. కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని, ఏ డబ్బాలో ఏం కలుస్తుందో తెలిసినదాన్ని. ముద్ద ఇంగువలో గోధుమపిండి కలుపుతారని చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి ఏం లాభం, ఊళ్లో ఎవరి పప్పులో ఇంగువ లేదు? ఎవరింటికి పోయినా ముందు పోపుల డబ్బా అడిగే చుట్టాన్ని అయిపోయాను. మెల్లగా పిలుపులు ఆగిపోయాయి. కాశిబుగ్గలో ఉండే మా చిన్నాన్న కోడలు కొత్తింట్లో పాలు పొంగించిన సంగతి నాకు మూడో మనిషి చెబితే తెలిసింది. తర్వాత ఆమే దుకాణానికి వచ్చింది.

“ఏమనుకోకు వదినె. నీకేం పెట్టాల్నో తెల్వక పిలువలే. పిలిచి ఉత్తగ కూసోబెడ్తె మాకే మంచిగనిపియ్యది.”

“కూసునెటందుకన్న పిలువాలె గద,” అన్నాను.

“నీతోని మాటల గెలుస్తమా,” అని నవ్వి, కందిపప్పు తీసుకుని వెళ్లిపోయింది. మాటల్లో గెలిచి, మధ్యాహ్నం షట్టరు సగం దించుకుని, గల్లాపెట్టె వెనక ఒక్కదాన్నే తిన్నాను. నేను పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయాక దుకాణం నాదే, మధ్యాహ్నాలూ నావే.

ఓడలో ఎవరికి ఏది పడదో ముందే చెబితే దాన్నిబట్టి వండి, అందరితో పాటు అదే బల్ల మీద వడ్డిస్తారని ఎక్కడో చదివాను. సముద్రం చూడాలన్న కోరిక నాకు పెద్దగా లేదు. నలుగురి మధ్య కూర్చుని ఒక పూట తినాలని ఉండింది. చెన్నైలో బయల్దేరి శ్రీలంక రేవులు రెండు చూపించి తీసుకొచ్చే ఓడ ఉందంటే టికెట్లు అమ్మే ఏజెంటు దగ్గరికి పోయాను. గది ఇద్దరికట, ఒక్కరే ఉన్నా ఇద్దరి ధర కట్టాలట.

“లేని మనిషికి సుత నేనే కట్టాల్నా తమ్మీ?”

“రేటు రూముకు మేడం, మనిషికి కాదు.”

“ఆ లేని మనిషి తినది గద. తిండి మందం తగ్గియ్యి.”

“గట్ల తగ్గియ్యరు మేడం.”

“పోనీ, ఆమె పళ్లెం సుత నేనే తింట.”

“మీకు గోధుమ పడదన్నరు గద. ఆడ మీ పళ్లెమే మీరు సగం తినరు.”

బేరంలో నన్ను అంత తేలిగ్గా పడగొట్టినవాడు ఈమధ్య కాలంలో లేడు. చివరికి అతనే దారి చూపించాడు. కాజీపేటలో ఇంకొకామె ఇట్లాగే ఒంటరిగా టికెట్ అడుగుతోందట, ఇద్దరూ ఒకే గది తీసుకుంటే ఎవరి సగం వాళ్లది. ముఖం చూడకుండానే ఒప్పుకున్నాను. ఒంటరిగా పోయేవాళ్లకు నేను చెప్పే మొదటి సలహా ఇదే, తోడు వెతుక్కోమని. ఆదా అవుతుంది కాబట్టి అని చెబుతాను.

ఆమెను కాజీపేట ప్లాట్‌ఫారం మీద మొదటిసారి చూశాను. నాకంటే కొంచెం పెద్ద. భర్త రైలు ఇంజన్ నడిపేవాడట, పోయి చాలాకాలమైంది. రైలు కదిలీ కదలకముందే సకినాల డబ్బా తెరిచి నా ముందు పెట్టింది. బియ్యప్పిండివే. అయినా నోరూరుకోలేదు.

“ఏ నూనెల కాల్చినవక్కా? అండ్ల అంతకుముందు పూరీలు గిట్ల కాల్చలే గద?”

“ఓ చెల్లె, మా ఆయన రైలు లేటైతె సుత ఆఫీసరు గిన్ని ప్రశ్నలు అడగకపోతుండె,” అంది. అంతకుముందు పూరీలే కాల్చిందట. డబ్బా మూసి, సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టింది. “దీన్నెవరు కాల్చలే. తిను.”

ఓడ ఎక్కిన సాయంత్రమే భోజనశాల పెద్దను కలిశాను. గోధుమ పడనివాళ్లు చేయవలసిన మొదటి పని అది. టికెట్‌తో పాటు రాసిచ్చాం కదా అని ఊరుకుంటే కుదరదు, మనిషికి మనిషి చెప్పాలి. తూత్తుకుడి వైపు మనిషి, శాంతంగా విన్నాడు. రేపు ఏం తింటామో ఇవాళ రాత్రే చెబితే వేరే గిన్నెల్లో వండిస్తానన్నాడు. ఎవరి పళ్లేలు వాళ్లే నింపుకునే చోటికి పోవద్దన్నాడు. ఒకే గరిట అన్ని గిన్నెల్లో తిరుగుతుంది. తప్పదంటే తలుపులు తెరిచీ తెరవగానే పోవాలి. ఆలుగడ్డ వేపుడైనా ఆ నూనెలో ఇంకేం వేగిందో అడగాలి. సోయాసాసులో గోధుమ ఉంటుంది, ఆ సంగతి నాకే తెలియదు. రేవులో దిగినప్పుడు చూపించడానికి, నేను ఏమేం తినకూడదో ఒక అట్టముక్క మీద తమిళంలో రాసిచ్చాడు.

మాకు ఇద్దరు కూర్చునే చిన్న బల్ల ఇచ్చారు. అందరి పళ్లేలూ తెరిచి వస్తే నాది మూతతో వచ్చింది, పక్కవాటి తుంపర పడకుండా.

“నీ పళ్లెం పెండ్లిపిల్ల లెక్క ముసుగేసుకోని వస్తాందే,” అంది అక్క.

“పెండ్లికొడుకును నేనేనాయె. జర జరుగు.”

అన్నం, చేప, ఉడికించిన కూరగాయలు. రుచి గురించి చెప్పడానికేం లేదు. అక్క రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి తమిళులతో పడ్డ కొట్లాటలు చెబుతోంది. ఆమె తినడం ముందే అయిపోయింది. చేయి ఎండిపోతున్నా లేవకుండా నా పళ్లెం ఖాళీ అయ్యేదాకా కూర్చుంది. నేను కావాలనే మెల్లగా తిన్నాను.

ట్రింకోమలీలో దిగేముందు వండిన తిండి ఏదీ ఒడ్డుకు తీసుకుపోనివ్వరని తెలిసింది. సీలు విప్పని పొట్లాలు మాత్రం పోనిస్తారు. నేను పేలాల పొట్లం ఒకటి పెట్టుకున్నాను. అక్కడ తెల్లటి ఇడియాప్పం, అదే ఆవిరి మీద ఉడికించే పిండి సేవల చుట్ట, ముట్టుకోవద్దని, చాలాచోట్ల గోధుమపిండితో వత్తుతారని, ఎర్రగా ఉన్నది బియ్యంది అయ్యుంటుంది గాని అదీ అడిగి తినమని భోజనశాల పెద్ద చెప్పి పంపాడు. బజారు వెనక సందులో ఒకామె ఆవిరి గిన్నె మీదినుంచి ఎర్రటి ఇడియాప్పాలు దించుతోంది. అట్టముక్క చూపించాను. అక్క తన క్వార్టర్స్ తమిళంలో మిగతాది చెప్పింది. నేను అంతటితో ఆగుతానా? పిండి డబ్బా మూత తీయించి, చిటికెడు తీసుకుని, తడిచేసి వేళ్ల మధ్య నలిపి చూశాను. గోధుమైతే సాగుతుంది, బియ్యమైతే గరగరలాడుతుంది. గరగరలాడింది. కొబ్బరి పచ్చడి రోలు చూశాను. పులుసులో ఇంగువ లేదు కదా అని అడిగించాను.

“ఇల్లు కొనెటోళ్లు సుత గింత చూడరే,” అంది అక్క.

“ధర జర తగ్గియ్యమను.”

“అది నేను చెప్ప. నాకు సిగ్గయితాంది.” సందు చివరిదాకా పోయి, మాకు వీపు పెట్టి నిలబడి, పడవలు చూడసాగింది.

బేరానికి భాష ఎందుకు? వేళ్లు చూపించాను, ఆమె వేళ్లు చూపించింది, నేను పోతానన్నట్టు చెప్పులవైపు చూశాను, ఆమె తగ్గించింది. అయినా చేయి చాపి, వేళ్ల కొసలు దగ్గరికి చేర్చి, తల పక్కకు వంచి కొసరు అడిగాను. మరిపెడ నుంచి మిర్చి అమ్ముకుని వచ్చే రైతులు మా గల్లాపెట్టె ముందు వంచినట్టే వంచాను. తూచిన సరుకు మీద చివర్న వేసే పిడికెడు అది. దానికి మా బజారులో ఒక మర్యాద ఉంది. కొన్నదాన్ని ఎంతైనా తిప్పి చూడొచ్చు. కొసరును తూచకూడదు, మంచిచెడ్డలు ఎంచకూడదు, ఇచ్చిన చేతి ముందు వద్దనకూడదు. నాన్న వేసే పుచ్చు శనగలను కూడా జనం కళ్లకద్దుకుని పోయేవాళ్లు.

ఆమె నవ్వింది. పక్క పెనం మీదినుంచి అంచులు కరకరలాడే దోసెలాంటి అప్పం ఒకటి తీసి నా ఆకు మీద వేసింది. నేను ముందు దాన్నే తిన్నాను, గెలిచిన సొమ్ము కాబట్టి. చాలా బాగుంది.

అక్క వచ్చి కూర్చుని తింటూ, అప్పం అంచులు అంత కరకరలాడుతూ ఎట్లా వస్తాయని ఊరికే ఆమెను అడిగింది. జవాబు విన్నాక అక్క చేయి ఆకు మీదే ఆగిపోయింది.

“ఏమన్నది?”

“పిండిల మైదా కలుపుతదట, చెల్లె. నువ్వది తినలే గద?”

మిగతా సలహాలు ఇవి. ఓడ బయల్దేరే వేళకు చాలా ముందే తిరిగి చేరండి, ఎవరి కోసమూ ఆగదు. ఓడ మీద డాక్టరు ఉంటాడు గాని ఖరీదు, మీ మందులు మీరు తీసుకెళ్లండి. ఉప్పు, చక్కెర కలిపిన పొడి పొట్లాలు నాలుగు ఎక్కువే పెట్టుకోండి. ఆ రోజు నేను ఓడలో గది తలుపు దాటిందే ఆలస్యం, మైదా తన పని మొదలుపెట్టింది, రాత్రంతా ఆ పొట్లాలతోనే గడిపాను.

అక్క మంచం అంచు మీద కూర్చుంది. “పిండి చూసినవ్, డబ్బ చూసినవ్, రోలు చూసినవ్. అదొక్కటి అడగొస్తలేదానే?”

“కొసరక్కా అది. కొసరును ఎట్ల అడుగుతరు?”

ఆమె ఇంకో పొట్లం చింపి నీళ్లలో కలిపింది. ఆమె రైలు జీతం మీద నడిచిన ఇంటి మనిషి, ఈ బజారు మర్యాద ఆమెకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

మర్నాడు జాఫ్నా వైపు రేవు. ఇద్దరమూ గుడి చూసి, బజారు తిరగాలనుకున్నాం.

“నేను పోను. నీ దగ్గర్నె ఉంట,” అంది.

“పో అక్కా. ఇద్దరి పైసలు దండుగైతయి.”

“పైసలు పోతే పోనియ్యి. ఒక్కదానివి ఎట్లుంటవ్?”

“నేనేమన్న చిన్నపిల్లనా? పో.”

బేరంలో అవతలివాళ్లు మూడోసారి కూడా అడుగుతారని ఆగడం నాకు అలవాటు. ఆమె రెండోసారికే చెప్పులు వేసుకుంది.

సాయంత్రం చెన్నై ఆడవాళ్ల గుంపుతో నవ్వుకుంటూ తిరిగొచ్చింది. వాళ్లతో తమిళం మాట్లాడుతుంటే గొంతే మారిపోయింది. ఆ రాత్రి వాళ్ల బల్ల దగ్గర తిన్నది, నేను గదిలో గంజి తాగాను. చివరి రాత్రి కాస్త నిలబడగలిగి, మంచి చీర కట్టుకుని భోజనశాలకు పోయాను. పెద్ద బల్ల చుట్టూ కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అక్క నన్ను చూసి చేయి ఊపింది, ఇటు రమ్మని, జరుగుతామని. నా ఒక్కదాని కోసం, నా మూత పళ్లెం కోసం అంతమందిని జరిపించడమెందుకని, ఇక్కడే బాగుందని సైగ చేసి మా చిన్న బల్ల దగ్గర కూర్చున్నాను. మూత తీసి పళ్లెం పెట్టారు. లేని మనిషికి కట్టనని అంత గట్టిగా బేరమాడాను. ఆ లేని మనిషే చివరి రాత్రి నా ఎదురుగా కూర్చుంది. తొందరగా తినేశాను.

కాజీపేటలో దిగాక ఒకరి ఫోన్ నంబరు ఒకరం చూసుకుని, “చెయ్యి” అంటే “నువ్వు చెయ్యి” అనుకున్నాం. రెండు దుకాణాల మధ్య బేరంలో ముందు ధర చెప్పినవాడిదే నష్టం. ఆమె చేస్తుందని ఆగాను. వర్షాలు వచ్చాయి, దుకాణంలో గొడుగులు వేలాడదీశాను, అమ్మేశాను. మధ్యాహ్నం షట్టరు దించినప్పుడల్లా ఫోను పళ్లెం పక్కన పెట్టుకునేదాన్ని. ఒకరోజు అన్నం కలుపుకున్నాక, ఎడమ చేత్తో నేనే నొక్కాను.

“మొత్తానికి చేసినవ్,” అంది అక్క. “నేనే చేద్దామనుకుంటి. పానం బాగలేని మనిషిని ఇడిసిపెట్టి ఊరు చూడవోయిన్నాయె, ఏ మొకంతోని చెయ్యాలె?”

“నేనే పొమ్మన్న గద.”

“పొమ్మంటె పోతరా?”

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

“ఏం చేస్తాన్నవ్?” అంది.

“తింటాన్న.”

“ఒక్కదానివేనా?”

“గల్లాపెట్టె ఉన్నది.”

ఆమె నవ్వలేదు. “ఆగు, పెట్టేయకు,” అని ఫోను ఎక్కడో పెట్టింది. గిన్నె మూత తీసిన చప్పుడు, పీట జరిపిన చప్పుడు, పంపు కింద చేయి కడుక్కున్న చప్పుడు వినిపించాయి. “ఆ. నేను సుత పెట్టుకున్న. తిను.”

“ఏం కూర?”

“చెప్ప. చెప్తె ఏ పిండి వేసినవ్, ఏ నూనె వేసినవ్ అంటవ్. నీ పళ్లెం నీది, నా పళ్లెం నాది. తిను ముందుగాల.”

ఇద్దరమూ తినసాగాం. ఆమె అప్పడం కొరికింది, నీళ్లు తాగింది. వెనకాల రైలు ఏదో పోయింది. నా షట్టరును ఎవరో తట్టారు. తట్టిన తీరు చూస్తే పెద్ద బేరమే. ఇన్నేళ్లలో నేను అన్నం ముందు కూర్చుని కూడా గిరాకీకి లేవని రోజు లేదు.

“ఎవరో వచ్చినట్టున్నరు,” అంది అక్క.

“ఉండనియ్యి,” అని ఇంకో ముద్ద కలుపుకున్నాను.