పన్నెండో వంతు బంగారం కోసం మౌంట్ ఆల్బర్ట్ దాకా

చైనాలో కనబడకుండా పోయిన బంగారాన్ని వెతకడానికి శనివారం పొద్దున్న తొమ్మిదింటికి హాబ్సన్‌విల్‌లో ఫెర్రీ ఎక్కాను. నవ్వకండి, నా ఉద్యోగం అలాంటిది.

ఆక్లండ్‌లో ఒక కంపెనీకి లోహాల మార్కెట్ లెక్కలు చూస్తాను. చైనాలో నగల తయారీకి వెళ్ళే మేలిమి బంగారం ఎంత, నగలుగా జనం కొనేది ఎంత అన్నది తేల్చాలి. నా పేరు మీద వెళ్ళే మొదటి రిపోర్టు. కానీ కొన్నది ఎప్పుడూ పన్నెండో వంతు తక్కువే వస్తోంది. సోమవారం పదింటికల్లా తేలకపోతే పని ఇంకొకరికి ఇస్తానని మా మేనేజర్ చెప్పేసింది. ఐటీలో ఉన్న మా ఆయన నా ఎక్సెల్ షీటు రెండుసార్లు చూసి, “ఫార్ములాలు కరెక్టే. ఎవడో దాచేస్తున్నాడు,” అని తీర్పిచ్చాడు. నేనూ నమ్మి, దొంగ నిల్వల మీద ఘాటుగా ఒక పేరా రాసుకున్నాను. అయినా మనసొప్పలేదు. చైనా వాళ్ళు బంగారం ఎలా కొంటారో కళ్ళారా చూద్దామనుకున్నాను. కంపెనీ చైనాకు టికెట్టు కొనదు కాబట్టి, మౌంట్ ఆల్బర్ట్ దగ్గర ఉన్న చైనా వాళ్ళ నగల కొట్టుకు బయల్దేరాను.

మీరు వెళితే ఫెర్రీ పై అంతస్తులో కూర్చోకండి. ఆరు డాలర్ల కాఫీ సగం గాలి తాగింది, సగం నా చున్నీ తాగింది.

సిటీలో దిగి పదింటికి రైలెక్కాను. ఎదురు సీట్లో చేతుల నిండా గాజులతో ఒకావిడ. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పలకరించింది.

“మాది ఫిజీ, అమ్మాయ్. మా ముత్తాత మన వైపు నుంచి అక్కడి చెరకు తోటల పనికి వచ్చాడు. నా తెలుగు పాతది, ఏమనుకోకు.”

మనవరాలికి గొలుసు కొనడానికి ఆంటీ కూడా అదే కొట్టుకు వెళ్తోంది. నా ప్రాణం లేచొచ్చింది.

పదకొండుకు కొట్టు చేరాం. లోపల పసుపు ముద్దలా మెరుస్తున్న నగలు. కొట్టు యజమానురాలు ఒక గొలుసు తూకం వేసి, పది గ్రాములంది. నేను అలవాటు కొద్దీ నోట్‌బుక్‌లో తొమ్మిది చిల్లర అని రాసుకున్నాను. యజమానురాలు తొంగి చూసి ఇంగ్లీషులో అంది.

“పదికి పదీ బంగారమే. మిగిలింది ఎందుకు తీసేశావు?”

“రాగి ఉంటుంది కదండీ?”

ఆంటీ నా భుజం మీద ఒక్కటిచ్చింది. “ఇది ఇరవై నాలుగు క్యారెట్లు, పిల్లా! ఇంచుమించు వీళ్ళు కొనేదంతా ఇదే. రాగి కలిపి తొడుక్కునేది మనం!”

నోట్‌బుక్‌లో రాసింది కొట్టేశాను. షీటులో నగల బరువు కనబడిన ప్రతిచోటా ఇరవై రెండుతో గుణించి ఇరవై నాలుగుతో భాగించాను, అంటే పన్నెండో వంతు నేనే కోసేశాను. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. నగంటే ఇరవై రెండు క్యారెట్లని, దాని మీద నైన్ వన్ సిక్స్ ముద్ర ఉంటుందని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు, అంతే. చైనా దేశం మొత్తం నగల్లో నేను ఒక్కదాన్నే కూర్చుని రాగి కలిపేశాను!

పశ్చాత్తాపంగా శెనగ గింజంత బంగారు గింజ ఒకటి కొన్నాను. ఒక గ్రాము. చైనా పిల్లలు జీతం రాగానే ఇలాంటివి కొని సీసాలో దాచుకుంటారట.

ఒంటిగంటకు తిరుగు ఫెర్రీలో, ఈసారి కింది అంతస్తులో, లాప్‌టాప్ తెరిచాను. ఆ గుణకారం తీసేశాను. రెండు వరసలూ నలుసంత తేడాతో కలిసిపోయాయి. దొంగ నిల్వల పేరా చెరిపేసి, నాలో నేనే నవ్వుకున్నాను. ఊళ్ళు మారాం, దేశం మారాం, తూకం మాత్రం మా అమ్మ వెళ్ళే కంసాలి కొట్టులోదే పట్టుకొచ్చాం.

రేవు దగ్గర మా ఆయన ఎదురొచ్చాడు. అరచేతిలో గింజ పెట్టి, “పోయిన బంగారం దొరికింది. చైనాలో అమ్మేది ఇదేనట,” అన్నాను.

ఆయన దాన్ని ఎండకు పట్టి ఇటూ అటూ తిప్పి, అనుమానంగా అడిగాడు.

“నైన్ వన్ సిక్స్ ముద్ర ఏదీ?”