రెండో తరగతిలో ఎల్లాజీ

సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కొరాపుట్, జైపూర్, రాయపూర్ దాకా ముప్పై ఒక్క ఏళ్ళు లారీ తోలిన ఎల్లాజీకి యాభై ఎనిమిదో ఏట ఎడమ కంటి చూపు మందగించింది. షుగరు వల్లే అన్నారు డాక్టరు. ఎదురుగా వచ్చే బండి ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతోంది. ఘాటు రోడ్డులో ఆ అంచనా తప్పితే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే బండి తాళం అల్లుడు వినోద్ చేతిలో పెట్టి, ఇక నువ్వే తోలుకో అన్నాడు.

తర్వాత మూడు నెలలు ఇంట్లో ఉన్నాడు. ఖాళీగా ఉండటం ఆయనకి చేతకాదు. ఫ్యాను రెక్కలు తుడిచాడు, తలుపు బందులకి గ్రీజు రాశాడు, కూతురు ధనలక్ష్మి కుట్టు మిషనుని విప్పి మళ్ళీ బిగించాడు. ఒక స్క్రూ మిగిలింది. ఇంటి ఖర్చులో సగం ఆ మిషను మీదే నడుస్తోంది కాబట్టి, ఆ రోజు నుంచి ధనలక్ష్మి ఆయన్ని దాని దరిదాపులకి రానివ్వలేదు.

ధనలక్ష్మికి ఒక్కతే కూతురు, అనూరాధ. ఏడేళ్ళది. ఆ పిల్లకి ఆటిజం అని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పారు. మాటలు చాలా తక్కువ. మంచినీళ్ళు కావాలంటే మన చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి తీసుకెళ్తుంది. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే చెవులు మూసుకుని నేల మీద ముడుచుకుపోతుంది. మొదటి తరగతి పేరుకి చదివింది గాని, సగం రోజులు క్లాసు బయట వరండాలోనే గడిపింది.

రెండో తరగతి మొదలైన వారానికి హెడ్మాస్టారు నరసింగరావు ధనలక్ష్మిని పిలిపించారు. ఇలాంటి పిల్లల కోసం ఝాన్సీ అనే టీచరు మంగళవారం, శుక్రవారం రెండేసి గంటలు వస్తుందని, ఆవిడ ఒక్కతే ఏడు స్కూళ్ళు తిరగాలి కాబట్టి అంతకంటే కుదరదని చెప్పారు. మిగతా గంటల్లో ఇంటివాళ్ళెవరైనా పక్కన కూర్చుంటే పిల్ల క్లాసులో నిలుస్తుందేమో చూద్దామన్నారు. మిషను వదిలి తను వెళ్ళడం కుదరదు, వినోద్ నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ధనలక్ష్మి ఇంటికొచ్చి దిగులుగా ఈ సంగతి చెప్పింది.

"నానున్నాను గదా," అన్నాడు ఎల్లాజీ. "కూకోడమే గదా పని. ముప్పై ఏళ్ళు లారీలో కూకున్నాను."

హెడ్మాస్టారు ఒప్పుకున్నారు గాని నియమాలు పెట్టారు. రోజూ రిజిస్టరులో సంతకం చెయ్యాలి. క్లాసు టీచరు గదిలో ఉన్నప్పుడే తనూ ఉండాలి. చివరి బల్ల పక్కన, కిటికీ దగ్గర కూర్చోవాలి. మొదటిరోజు ఎల్లాజీ ఆ చివరి బల్ల మీదే కూర్చోబోతే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ముప్పై మంది పిల్లలు పాఠం వదిలేసి వెనక్కి తిరిగి ఆయన మీసాల్నే చూస్తున్నారు. క్లాసు టీచరు రాజకుమారి జాలిపడి ఆఫీసు గదిలోంచి ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెప్పించింది.

పదకొండింటికి గంట కొట్టారు. ఆ స్కూల్లో గంటంటే వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనప కడ్డీతో కొడితే వీధి చివరికి వినిపిస్తుంది. అనూరాధ బల్ల కిందకి దూరి కేకలు పెట్టింది. ఎల్లాజీ పైకి లాగి గుండెకి హత్తుకోబోతే మణికట్టు మీద కొరికింది. సాయంత్రం ఆ పంటి గాట్లు చూసి ధనలక్ష్మి, రేపటి నుంచి వద్దులే నాన్నా అంది. కొరికింది గాని గదిలోంచి పారిపోలేదు కదా, వరండా కంటే అది నయమేనన్నాడాయన.

మూడోరోజు పొద్దున్న గుమ్మం దగ్గర అనూరాధ ఆగిపోయింది. బతిమాలారు, బిస్కెట్టు చూపించారు, కదల్లేదు. ఏం చెయ్యాలో తోచక ఎల్లాజీ పరధ్యానంగా తలుపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. అది ఆయన ఒంటికి అలవాటైపోయిన పని. లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు బండి పక్కన నిలబడి చెక్క మీద చేత్తో కొడతాడు. రెండు దెబ్బలైతే పోనివ్వమని, ఒక్కటైతే ఆపమని. ముందు కూర్చున్న డ్రైవరుకి మాట వినబడదు, ఆ దెబ్బే వినబడుతుంది. అనూరాధ తలుపుని చూసింది, ఆయన చేతిని చూసింది, గడప దాటి లోపలికి వెళ్ళి కూర్చుంది.

ఎల్లాజీకి అనుమానమొచ్చింది. మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి వెళ్ళాల్సినప్పుడు బల్ల మీద మెల్లిగా రెండు దెబ్బలు కొట్టాడు. లేచింది. కుళాయి దగ్గర నీళ్ళతో ఆడుతూ ఉండిపోతే గోడ మీద ఒక్క దెబ్బ కొట్టాడు. రెండోసారికి ఆపింది. రమ్మని, పొమ్మని, వద్దని ఇన్నాళ్ళూ ఇంట్లో అందరూ చెప్పిన మాటలు ఆ పిల్ల చెవుల దగ్గర ఎక్కడ చిక్కుపడిపోయాయో గాని, ఈ దెబ్బలు మాత్రం తిన్నగా వెళ్తున్నాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎల్లాజీ ఈ సంగతి మూడుసార్లు చెప్పాడు. ధనలక్ష్మి మూడుసార్లూ విన్నది.

శుక్రవారం ఝాన్సీ వచ్చి ఇదంతా చూసింది. ముప్పై దాటని మనిషి, హెల్మెట్టు తీసేలోపే నోటుబుక్కు తీస్తుంది. ఇది ఎవరు నేర్పారని అడిగింది. సోములని తన పాత క్లీనరు అన్నాడు ఎల్లాజీ. ఆవిడ నవ్వి, ఆ దెబ్బల సంగతి అనూరాధ కోసం రాసుకున్న ప్రణాళికలో చేర్చింది. పది రోజుల్లో క్లాసంతా ఆ భాష నేర్చేసుకుంది. రాజకుమారి కూడా గోల ఎక్కువైతే అరవడం మానేసి టేబులు మీద ఒక్క దెబ్బ కొట్టేది. గొంతు నొప్పి మాత్రలు మానేశానని హెడ్మాస్టారుతో చెప్పింది.

గంట భయం మాత్రం పోలేదు. అప్పుడు ఝాన్సీకి ఒక ఆలోచన వచ్చింది. చప్పుడు ఎప్పుడొస్తుందో తెలియకే ఆ పిల్లకి భయం, తనే కొడితే ముందే తెలుస్తుంది కదా అంది. అనూరాధ చేతికి కడ్డీ ఇచ్చారు. మొదటిరోజు ఎంత మెల్లిగా తాకించిందంటే పక్కనున్న ఎల్లాజీకే సరిగ్గా వినబడలేదు, స్కూలంతా ఇంకో ఐదు నిమిషాలు పాఠాలు చదువుకుంది. వారం తిరిగేసరికి దెబ్బ పెరిగింది. నెలయ్యేసరికి మధ్యాహ్నం గంట కొట్టే పని ఆ పిల్లదైపోయింది.

ఒకరోజు ఎల్లాజీ కళ్ళద్దాలు తుడుచుకుంటుండగా అనూరాధ పదకొండున్నరకే వెళ్ళి భోజనం గంట కొట్టేసింది. పిల్లలంతా పళ్ళేలు పట్టుకుని వరసకట్టేశారు. వంటామె జగ్గమ్మ అప్పుడే కోడిగుడ్లు నీళ్ళలో వేస్తోంది. ఆమె గరిటె పట్టుకుని బయటికొచ్చి, ఎవరు కొట్టారో తెలుసుకుని, తిట్టబోయి, అనూరాధ అందరికంటే ముందు పళ్ళెంతో నిలబడి ఉండటం చూసి తిట్టలేకపోయింది.

"ఆకలేసినట్టున్నాది పిల్లకి," అంది. ఆకలేస్తోందని అనూరాధ ఊరందరికీ వినబడేలా చెప్పడం అదే మొదటిసారి.

అక్టోబరులో ఒక మంగళవారం ఝాన్సీ చాలాసేపు వెనక నిలబడి చూసింది. అనూరాధ లెక్కలు చేస్తోంది. పెన్సిలు పట్టిన చేతి మీద ఎల్లాజీ చెయ్యి ఉంది. సీసా మూత ఆయనే తీశాడు. పేజీ ఆయనే తిప్పాడు. టీచరు అనూరాధని ఏదో అడిగితే, ఆయనే జవాబు చెప్పాడు. ఝాన్సీ ఆయన్ని వరండాలోకి రమ్మంది.

"ఈ లెక్కలు ఎవరు చేశారు ఎల్లాజీ గారూ?"

"అనూయే సేసింది మేడమ్."

"చెయ్యి ఎవరిది?"

ఎల్లాజీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వినోద్‌కి మీరే కదా లారీ నేర్పారు. ఎన్నాళ్ళకి స్టీరింగు ఇచ్చారు?"

"నెల్లాళ్ళకి. ఇచ్చినప్పుడు నాకు సెమటలు పట్టీసాయి," అన్నాడు.

సోమవారం నుంచి ఆయన ఉండే గంటలు ఆరు నుంచి నాలుగుకి తగ్గిద్దామని, భోజనం అయ్యాక ఇంటికి వెళ్ళిపొమ్మని, ఆ తర్వాత వీలునిబట్టి రెండుకి దించాలని ఝాన్సీ చెప్పింది. బాగా సాగుతోంది కాబట్టే తగ్గిస్తున్నామంది. ఎల్లాజీకి ఆ చివరి మాట వినబడలేదు. ఇన్నాళ్ళూ వాడుకుని ఇప్పుడు వద్దంటున్నారని తోచింది. బుధవారం స్కూలుకి వెళ్ళలేదు, సోమవారం దాకా ఎందుకు, ఇవాళే మానేస్తానన్నాడు. గురువారమూ వెళ్ళలేదు. లారీలు కడిగే షెడ్డు దగ్గర కూర్చుని, కడిగేవాళ్ళకి కడగడం ఎలాగో చెప్పి విసిగించాడు.

ఆ రెండు రోజులూ ధనలక్ష్మి మిషను ఆపుకుని పొద్దుట పూట క్లాసులో కూర్చుంది. భోజనమయ్యాక వచ్చేసింది. గురువారం సాయంత్రం తండ్రికి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, నిన్న నాను వొచ్చీసాక నువ్వు నేవని పది నిమిషాలు ఏడ్సిందట. తర్వాత పావని వొచ్చి పక్కన కూకున్నాదట. ఈయాల పది నిమిషాలు కూడా ఏడవనేదు."

"పావనంటే ఎవరు?"

"రెండు జడల పిల్ల. నీ కుర్సీలో కూకున్నాది. ఆ కుర్సీకోసం పిల్లలందరూ కొట్టుకుంటన్నారట, టీచరుగారు వొంతులేసారు."

ఎల్లాజీ టీ తాగడం ఆపాడు. తన కుర్చీ కోసం వంతులు. నవ్వొచ్చింది, దాని వెనకే కళ్ళు తడిసాయి. తనకి కోపమెందుకొచ్చిందో అప్పుడు ఆయనకి అర్థమైంది. స్కూల్లో అనూరాధకి ఆయన ఎంత అవసరమో, మూడు నెలలు ఫ్యాన్లు తుడిచిన మనిషికి ఆ స్కూలు అంతకంటే ఎక్కువ అవసరం. ఆ మాట కూతురితో పైకే అన్నాడు. ధనలక్ష్మి, ఆ సంగతి నాకు జూన్‌లోనే తెలుసంది.

శుక్రవారం వెళ్ళి ఝాన్సీకి నమస్కారం పెట్టాడు. రోజుకి నాలుగు గంటలే ఉండటానికి ఒప్పుకున్నాడు. చేతులు ఊరికే ఉండవని తెలిసి, పెన్సిలు లాక్కోకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. అనూరాధ రాసిన ఎనిమిదో అంకె పక్కకి ఒరిగిపోతే సరిచేయబోయి, మళ్ళీ చేతులు వెనక్కి తీసుకునేవాడు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ నాలుగు గంటలు రెండుకి తగ్గాయి. మార్చిలో కొన్ని రోజులు గుమ్మం దాకా దింపి వచ్చేసేవాడు. పావని ఎదురొచ్చి అనూరాధ చెయ్యి పట్టుకునేది. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయే మనవరాలిని ఆయన కాసేపు చూసి రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. అవసరం లేదని హెడ్మాస్టారు చెప్పినా పెట్టేవాడు.

ఈ జూన్‌లో మూడో తరగతి. గది మేడ మీద. టీచరు ఉమాశంకర్ మంచివాడే గాని గొంతు పెద్దది. అనూరాధ మొదటిరోజు మెట్ల మీదే కూర్చుండిపోయింది, రెండోరోజు కింద రెండో తరగతి గదికి పరిగెత్తి పాత బల్ల పట్టుకుంది. గంటలు మళ్ళీ ఆరుకి పెరిగాయి. ఏడాదంతా పడ్డ పాటు నీళ్ళపాలైనట్టే కదా మేడమ్ అని ఎల్లాజీ ఝాన్సీని అడిగాడు.

ఝాన్సీ తన నోటుబుక్కు తిరగేసి చూపించింది. పోయినేడు ఒక పీరియడు పూర్తిగా కూర్చోవడానికి ఆ పిల్లకి రెండున్నర నెలలు పట్టింది. ఈ ఏడాది ఎనిమిదే రోజులు పట్టింది. కొత్త గది, కొత్త మనిషి, మెట్లు, ఇన్ని మారాక గంటలు పెరగడంలో తప్పేం లేదని, అవసరాన్ని బట్టి పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికే అవి ఉన్నాయని చెప్పింది. ఉమాశంకర్ మాస్టారు కూడా గొంతు తగ్గించడం నేర్చుకున్నారు. అందుకు ఆయనకి పదిహేను రోజులు పట్టిందని పిల్లలు చెప్పుకుంటారు.

జూలై మొదటివారానికి మళ్ళీ నాలుగు గంటలైంది. భోజనం అయ్యాక ఎల్లాజీ లారీ బాడీలు కట్టే షెడ్డు పక్కనున్న టీ కొట్టుకి వెళ్తున్నాడు. మొన్న అక్కడ రాయపూర్ నుంచి వచ్చిన పాత నేస్తం గంగులు కనిపించాడు. బండి మానేసావట, ఏటి సేస్తన్నావు బావా అని అడిగాడు.

"స్కూలుకెల్తన్నాను," అన్నాడు ఎల్లాజీ.

"ఏ క్లాసు?" అన్నాడు గంగులు వెటకారంగా.

"పోయినేడు రెండు పాసయ్యాను. ఇప్పుడు మూడు. ఎక్కాలు కష్టంగున్నాయి బావా, పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోతన్నాను."

గంగులు టీ కొట్టాయనకి ఇంకో రెండు గ్లాసులు చెప్పి, పన్నెండో ఎక్కం తనకీ ఎప్పుడూ సరిగ్గా రాలేదన్నాడు. ఇద్దరూ కలిసి పన్నెండేళ్ళు ఎనభై నాలుగు దగ్గర ఒకటికి రెండుసార్లు తప్పి, మొత్తానికి పూర్తిచేశారు.